ఒక రాశి, రెండు గోదాములు

కనకరత్నం దగ్గర ఉన్నవి ఆరు వేల కొబ్బరికాయలు. బ్యాంకు కాగితాల్లో మాత్రం పన్నెండు వేలు. అమలాపురం గోదాములో ఆరు, కొత్తపేట గోదాములో ఆరు. రెండు రాశుల మీదా అప్పు తీసుకుని హాయిగా కాలక్షేపం చేస్తున్నాడు. బ్యాంకు ఏజెంటు కుర్చీ దిగకుండానే "సరుకు చూశాను" అని సంతకం పెట్టేవాడు మరి!

1951లో ఆ ఏజెంటు ఉద్యోగం ఊడింది. కొత్తగా నారాయణమూర్తి వచ్చాడు.

"ఇకనుంచి సరుకు నా కళ్ళతో చూశాకే సంతకమండీ. లెక్క తప్పితే జవాబుదారీ నాదేనని పైవాళ్ళు రాయించుకున్నారు. ముగ్గురు పిల్లలవాణ్ణండీ," అన్నాడు భయంభయంగా.

"ఆయ్, తప్పకుండా చూద్దురుగానండీ! ఇవాళ అమలాపురం, రేపు కొత్తపేట," అన్నాడు కనకరత్నం. పడవ వీర్రాజుకి కబురు ముందే వెళ్ళింది. సాయంత్రం కాయలు పడవెక్కితే తెల్లారేసరికి కొత్తపేటలో దిగుతాయి.

అమలాపురం గోదాములో ఏజెంటు వాలకం చూసి కనకరత్నానికి నవ్వాగలేదు. ఆకూ వక్కా అడగడం, సున్నం రాయడం, నమలడం, వేలికి మిగిలిన సున్నం చేతికందిన కాయకి తుడిచెయ్యడం. రాశి చుట్టూ తిరిగినంతసేపూ ఇదే పని. సున్నం డబ్బా రెండుసార్లు నింపించాల్సి వచ్చింది.

"తమరు చూస్తున్నది కాయల్నా, తమలపాకుల్నా అండీ?" అని వేళాకోళమాడాడు.

"పాడలవాటండీ, ఏం చెయ్యను!" అని సిగ్గుపడుతూనే నారాయణమూర్తి సంతకం పెట్టాడు.

ఇంత వెర్రిబాగులవాణ్ణి పంపిన బ్యాంకు పదికాలాలు చల్లగా ఉండాలని కనకరత్నం మనసారా దీవించాడు.

మర్నాడు పొద్దున్న కొత్తపేట గోదాములో రాశి సిద్ధం. కనకరత్నం దగ్గరుండి తలుపు తీసి, తాంబూలం పళ్ళెం చాపాడు. "ముందు ఇది కానివ్వండి!"

నారాయణమూర్తి పళ్ళెం ముట్టుకోలేదు. రాశిలోంచి ఒక కాయ తీశాడు. దాని మీద తెల్లటి వేలిగుర్తు. ఇంకో కాయ తీశాడు. దాని మీదా అదే.

"వీటిని నిన్న అమలాపురంలో చూసేనండీ. రెండోసారి సంతకం పెట్టలేను."

"అయ్యబాబోయ్! మీ పాడలవాటు నా కొంప ముంచేసిందండీ!"

నారాయణమూర్తి కష్టం మీద నోరు తెరిచి నవ్వాడు.

"అలవాటెక్కడిదండీ, నా జన్మలో నిన్ననే మొదటిసారి నమిలేను, నోరంతా పొక్కిపోయింది, కాస్త మజ్జిగ ఇప్పిస్తారా?"