అందరు లేచిన్రా?

సిద్దమ్మ ఇంకా "లేచిన" అనలేదు.

ఎండ వాకిట్లోకి వచ్చేసింది. నాగల్‌గిద్ద బస్వరాజ్ లేచాడు, సిర్గాపూర్ నీలమ్మ లేచింది, అందరూ లేచారు. నారాయణఖేడ్ సిద్దమ్మ ఒక్కతే పలకలేదు.

అది ఒంటరిగా ఉండే ముసలివాళ్ల వాట్సాప్ గ్రూపు. బీపీ క్యాంపులో నంబర్లు తీసుకుని నర్సు రజిత పెట్టింది. ఎవరి ఇల్లు ఎక్కడో ఎవరికీ తెలియదు. చదువు రానివాళ్లే ఎక్కువ కాబట్టి అన్నీ గొంతు మెసేజ్‌లే. పొద్దున లేచామని చెప్పాలి, అదొక్కటే నియమం. చెప్పకపోతే మిగతావాళ్లు ఊరుకోరు.

అదే నారాయణఖేడ్‌లో ఉండే బాలప్ప అందరికంటే ముందు లేస్తాడు. "అందరు లేచిన్రా? దగ్గు ఎవలకన్న ఉంటే మిరియాల కషాయం తాగున్రి" అంటాడు. అదో రకం మనిషి. ఎవరినీ పేరు పెట్టి పిలవడు, ఏదడిగినా అందరినీ కలిపి అడుగుతాడు. "ఏందే బాలన్నా, మేమేమన్న బడిపిల్లలమా?" అని నీలమ్మ ఆటపట్టించేది. సిద్దమ్మ మాత్రం ఖళ్లు ఖళ్లున దగ్గుతూనే "తాగిన, తాగిన" అని నవ్వేది.

ఆ నవ్వు వెనక ఎంత ఏడుపుందో ఒకసారి బయటపడింది. "నాకొక తమ్ముడున్నడు. చేను పంచుకున్ననాడు బోరంచ పోచమ్మ మీద ఒట్టేసిండు, నాతోని మాట్లాడనని, నా గడప తొక్కనని. నేను సచ్చినా రాడిగ."

నీలమ్మకు ఒళ్లు మండింది. "గసొంటోడు ఉంటేంది, లేకుంటేంది! మేం లేమా అక్కా?"

ఆ రోజు బాలప్ప జొన్నల ధర గురించి మాట్లాడాడు.

ఇప్పుడు ఆ బాలప్పే మాటిమాటికీ మెసేజ్ పెడుతున్నాడు. "ఎవలన్న పోయి చూడున్రి."

"ఫోన్ చేసిన, ఎత్తుతలేదు" అంది నీలమ్మ.

"అవు, మోగుతనే ఉంది" అన్నాడు బాలప్ప.

రజిత ట్రైనింగ్ అని సంగారెడ్డి పోయింది. ఆమె ఫోన్ కలవడం లేదు.

"ఖేడ్‌లనే ఉన్నవు గదా, నువ్వు పోరాదు?" అని నీలమ్మ బాలప్పను అడిగింది.

"నాతోని కాదు. ఎవలన్న రాండ్రి, జల్దీ రాండ్రి."

మోకాళ్ల నొప్పులు కాబోలు అనుకుంది నీలమ్మ. "పక్కింటోళ్లు ఏం జేస్తుండ్రు? వాళ్లు మనుషులు గాదా?"

బాలప్ప మళ్లీ "జల్దీ రాండ్రి" అనే అన్నాడు.

నీలమ్మ పొయ్యి ఆర్పేసి బస్సెక్కింది. దారి పొడుగునా బాలప్ప గొంతు వస్తూనే ఉంది. "బస్టాండ్ల దిగినంక మార్కెట్ ఎన్క గల్లీ. నీలం తలుపు. లోపల గడియ ఉండదు, బిగుసుకపోతది, పైకి లేపి నూకాలె." కాసేపటికి మళ్లీ, "ఇంక ఎంత దూరం?" ఎవరు చెయ్యెత్తినా బస్సు ఆగింది. నీలమ్మ డ్రైవర్నీ తిట్టుకుంది, రోడ్డునూ తిట్టుకుంది.

గల్లీలో చాలా ఇళ్లకు తాళాలు. జనం కూలికి హైదరాబాద్ పోయారు. నీలమ్మ నీలం తలుపును పైకి లేపి తోసింది.

సిద్దమ్మ పొయ్యి దగ్గర పడి ఉంది. చెయ్యి గడప వైపు చాచి ఉంది. ఒళ్లు వెచ్చగానే ఉంది, ఊపిరి మాత్రం లేదు. పొద్దున్నుంచీ కొట్టుకుని కొట్టుకుని ఇప్పుడే పోయినట్టుంది పాపం.

నీలమ్మ వాకిట్లో కూలబడింది. ఏడుస్తూనే ఫోన్ నొక్కి గ్రూపులో చెప్పింది. "సిద్దక్క పోయింది. పెయ్యి సుత సల్లవడలే. జరంత ముందుగాల ఎవలొచ్చినా బతుకుతుండె."

ఆమె ఫోన్ కింద పెట్టిందో లేదో, ఆ మాటలే ఆమె గొంతుతోనే పక్కింటి గోడ అవతలి నుంచి మళ్లీ వినిపించాయి, ఆ వెంటనే "అక్కా!" అని బాలప్ప గొంతు.