ఏప్రిల్ దాకా

"ఇంకో నెల ఆగండి సురేష్ గారూ. మునిగిపోయేదేముంది?" అంది బ్యాంకులో కమలకుమారి.

సురేష్ కౌంటరు అంచు గట్టిగా పట్టుకున్నాడు. మునిగిపోయేది చాలానే ఉంది. చెప్పుకుంటే పని జరిగేదైతే చెప్పేవాడే.

"పదిహేనేండ్ల ఖాతా మేడం. తొంభై ఏడు ఏప్రిల్‌ల తెరిచిన. పోయిన ఏప్రిల్‌కే నిండినయి గదా?"

"అందరూ ఇక్కడే పొరబడతారండీ. పీపీఎఫ్‌కి మీరు డబ్బు కట్టిన రోజు నుంచి లెక్క కాదు. ఆ ఆర్థిక సంవత్సరం ముగిసిన దగ్గర్నుంచి పదిహేనేళ్ళు. అంటే, వచ్చే ఏప్రిల్‌కి."

"సగమన్నా ఇయ్యుర్రి మేడం."

"ఏడాదికి ఒక్కసారే తియ్యాలి. మీరు దసరా ముందు తీసేశారుగా."

"తీసిన. ఖర్చు పడ్డది."

"పోనీ హోమ్ లోన్ పెట్టుకోండి. పదిహేనేళ్ళకి..."

"లోను వద్దు మేడం" అన్నాడు సురేష్, ఆమె మాట పూర్తి కాకుండానే.

సురేష్ నాచారంలో పైపుల ఫ్యాక్టరీలో స్టోర్స్ సూపర్‌వైజరు. చేరిన కొత్తలో అకౌంటెంటు ఒక మాట చెప్పాడు. ఈ ఖాతాలో వేసేటప్పుడూ పన్ను లేదు, వడ్డీకీ లేదు, తీసేటప్పుడూ లేదు, చెయ్యి పెట్టకుండా ఉంటే ఒక ఇల్లు అవుతుందని. సురేష్ దాన్ని వేదంలా పట్టుకున్నాడు. పండక్కి కొత్త బట్టలు లేకపోయినా ఖాతాలో డబ్బు పడాల్సిందే. "మన ఇల్లు బ్యాంకుల పండుకున్నది. లేపకుర్రి" అని భార్య పద్మశ్రీ అందరి ముందూ ఎగతాళి చేసేది.

పెళ్ళైనప్పటి నుంచి వాళ్ళది చంద్రయ్య ఇంట్లో అద్దె బతుకే. సురేష్ ఏనాడూ తొందరపడలేదు. ఈ జనవరిలో మాత్రం ఒక గొడవ జరిగింది. దవాఖానా నుంచి వచ్చిన పక్క పోర్షన్ మల్లవ్వ కొడుకులను చంద్రయ్య గేటు బయటే ఆపేశాడు. వాళ్ళు ఎంత బతిమాలినా తాళం తియ్యలేదు. ఆ రోజు నుంచి సురేష్‌కు ఇల్లు పిచ్చి పట్టుకుంది.

"మనల్ని ఏమన్నా అన్నడా ఆయన?" అంది పద్మశ్రీ.

"ఇయ్యాల వాళ్ళు. రేపు మనం" అన్నాడు. మర్నాటి నుంచే ఇళ్ళు వెతకడం మొదలుపెట్టాడు.

చివరికి అన్నోజిగూడలో ఒక ఇల్లు దొరికింది. రెండు గదులు, పైన రేకులు. ఓనరు జనార్ధనరావు రిటైరైన టీచరు. పద్మశ్రీ ఇల్లంతా తిరిగి వచ్చి మొహం ముడుచుకుంది.

"గిదేం ఇల్లయ్యా? బోరు ఎండిపోయింది. వంటింట్ల ఇద్దరు నిలబడేటట్టు లేదు. జర ఆగితే ఉప్పల్ల సూడొచ్చు గదా."

సురేష్ గదుల్లోకి తొంగి కూడా చూడలేదు. వాకిట్లోనే నిలబడి జాగా చూసుకుంటున్నాడు.

"ముంగట టెంటు ఏసుకుంటే ఎవలన్న ఏమన్న అంటరా సార్?"

"మీ ఇంటి ముందు మీరు వేసుకుంటే అనేదెవరండీ?" జనార్ధనరావు నవ్వాడు. "గృహప్రవేశం గట్టిగానే చేసేట్టున్నారే!"

సురేష్ కూడా నవ్వాడు. నవ్వుతూనే గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాడు. బండి ఇంటి దగ్గరే వదిలేసి బస్సులో నిలబడి వచ్చానని చెప్పాడు.

అయితే జనార్ధనరావు ఏప్రిల్ దాకా ఆగనన్నాడు. "ఇంకో పార్టీ డబ్బు పట్టుకుని రెడీగా ఉందండీ. అక్కడ ఉప్పల్లో మెట్రో పిల్లర్లు లేస్తున్నాయి. రేట్లు ఎలా ఉన్నాయో చూస్తున్నారుగా."

సురేష్ ఆయన రెండు చేతులూ పట్టేసుకున్నాడు. "మీ కాళ్ళు మొక్కుత సార్. ఏప్రిల్ మొదటి వారం దాటితే ఇల్లు మీదే, నేనిచ్చే బయానా గూడ మీదే. గంత దాకా ఎవ్వరికీ మాటియ్యకుర్రి."

కళ్ళ నీళ్ళు గడ్డం దాకా కారుతున్నా తుడుచుకోలేదు. పద్మశ్రీకి తల కొట్టేసినట్టయింది. ప్రమోషన్ రానప్పుడు కూడా ఎవరినీ ఒక్క మాట అడగని మనిషి, రేకుల ఇంటి కోసం ఇలా దిగజారిపోవడం ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. జనార్ధనరావే ఇబ్బంది పడి సరేనన్నాడు. మర్నాడే సురేష్ బండి అమ్మి బయానా కట్టాడు.

మార్చి నెల అతనికి నరకం. రోజు విడిచి రోజు కమలకుమారికి ఫోన్ చేసి, రూలు మారలేదు కదా అని అడిగేవాడు. ఆమెకు మొదట నవ్వొచ్చింది, తర్వాత విసుగొచ్చింది. దేవుణ్ణి ఎప్పుడూ ఏదీ అడగనివాడు ఏప్రిల్ దాకా కాపాడమని మొక్కుకున్నాడు.

"ఇంటి ఫికరుతోటి సగమైనవ్" అని పద్మశ్రీ కొసరి కొసరి వడ్డించేది. అతను నాలుగు మెతుకులు కతికి లేచిపోయేవాడు.

ఏప్రిల్ వచ్చింది. బ్యాంకు తలుపులు తీసేసరికి సురేష్ మెట్ల మీద ఉన్నాడు. డబ్బు చేతికొచ్చిన రెండో రోజే రిజిస్ట్రేషన్.

"ఎవరి పేరు మీద?" అన్నాడు డాక్యుమెంట్ రైటరు.

"నా భార్య పేరు మీదనే రాయుర్రి. నా పేరు వద్దు."

పద్మశ్రీ నమ్మలేనట్టు చూసింది. ఇన్నాళ్ళూ ఆ ఇంటిని తిట్టిపోసినందుకు సిగ్గేసి, అక్కడే కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. సురేష్ తాళంచెవి ఆమె గుప్పిట్లో పెట్టి వేళ్ళు మూశాడు. నెలల తర్వాత అతని మొహంలో ఆదుర్దా లేదు.

"పాలు ఎప్పుడు పొంగిద్దాం?" అంది.

"నీ ఇల్లు. నీ ఇష్టం."

ఆ వారం తిరక్కముందే, అద్దె ఇంట్లోకి శవాన్ని తేవద్దనే ఓనరెవరినీ మల్లవ్వ కొడుకుల్లా బతిమాలే పని లేకుండా, పద్మశ్రీ దవాఖానా నుంచి సురేష్‌ను నేరుగా తన ఇంటికే తెచ్చుకుంది.