బ్యానర్ తాడు

"ఊదారంగు బ్యానర్ వద్దమ్మా, వెలిసిన స్వెట్టర్‌లా ఉంటుంది," అన్నారు పిన్నిగారు, అల్లిక ఆపకుండా.

శనివారం శనివారం కలిసి అల్లుకునే మా సంఘం ఊలు అల్లికల ఉత్సవం ఈ బ్యానర్ రంగు దగ్గరే వాయిదా పడుతూ వస్తోంది. కార్యదర్శికి ఒళ్ళు మండింది.

"పోయిన శనివారం ఊదా అన్నది మీరే కదా పిన్నిగారూ? ఇలాగైతే మన స్వెట్టర్లు ఎండాకాలంలో చూపించుకోవాలి."

అందరం నవ్వాం. పిన్నిగారూ నవ్వారు.

"ఉత్సవం అయిపోతే ఇక శనివారాలు ఎవరింట్లో వాళ్ళమేగా," అన్నారావిడ.

ఆవిడ ఇంటికి తాళం వేసేదీ తీసేదీ ఆవిడొక్కరే. మా నవ్వు ఆగిపోయింది.

కార్యదర్శి బ్యానర్ గుడ్డ మడతపెట్టింది. "ఊదారంగే ఖాయం."

పిన్నిగారి సూదులు ఆగాయి.

"కానీ కట్టే తాడు రంగు తేలలేదు. వచ్చే శనివారం చూద్దాం."

"తాడంటే మాటలా?" అన్నారు పిన్నిగారు, మళ్ళీ అల్లుతూ. "రెండు శనివారాలైనా పడుతుంది."