నాలుగు నిమ్మకాయలు

మైపాడులో మునెయ్య ట్యాక్సీ రెండ్రోజులుగా వాకిట్లోంచి కదల్లేదు. అయినా నాయుడుపేట హైవే మీద బెల్టు పెట్టుకోకుండా నడిపాడని ఫోనుకి చలానాలు వస్తూనే ఉన్నాయి. ఇంకొకటి వస్తే లైసెన్సు రద్దు. ఆఫీసుకి పోయి మొత్తుకుంటే, "సిస్టంలో చూపిస్తా ఉంది, మేమేం చేసేది?" అన్నారు.

ఆ సాయంత్రం స్వామిని తలుచుకుని, కొత్త బండికి చేసినట్టే నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టాడు.

"మళ్లీ దిష్టి తీస్తా ఉండావా?" భార్య విజయకుమారి నవ్వింది.

"దిష్టి కాదే, సాక్ష్యం. బండి కదిలితే కాయ చితకాల గదా. ఫోటో తీసి వాళ్ల మొహాన కొడతా."

అన్నం తింటుండగా ఫోను మోగింది. ఇంకో చలానా. మునెయ్య ఎంగిలి చేత్తోనే టార్చి పట్టుకుని వాకిట్లోకి ఉరికాడు. నాలుగు కాయలూ చెక్కుచెదరలేదు.

"దొంగ నాయాళ్లు!" అంటూ ముందు టైరు పక్కన కూర్చుని చలానా ఫోటో తెరిచాడు. అది హైవే కాదు, తన వాకిలే. టైరు పక్కన టార్చి పట్టుకుని కూర్చున్నది తనే. డ్రైవరు సీట్లో ఇంకెవరో ఉన్నారు.

"నా ఇంట్లో కెమెరా పెట్టేదానికి ఎవుర్రా మీరు?" అని అరిచాడు. తల మాత్రం ఎత్తలేదు. బండి తాళం ఇంట్లో దేవుడి పటం దగ్గరే ఉంది.

చేతి పక్కన నిమ్మకాయ మెల్లగా చితికింది.