పదహారో గొంతు

ఇంకొక్క పిల్లవాడు కావాలి. ఒక్కడంటే ఒక్కడు.

ఆ పాటల బడిలో ఇప్పుడున్నది పదిహేను మంది మగపిల్లలు. చర్చిలో అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది ఎదురెదురుగా నిలబడి పాడాలి. పదహారో గొంతు దొరక్కపోతే సెప్టెంబరులో తలుపులు తెరవబోమని ట్రస్టీలు చలికాలంలోనే తేల్చి చెప్పారు. గడువు ఏప్రిల్ ఆఖరు. ఇవాళ ఇరవై తొమ్మిది.

అమెరికాలోని వెర్మాంట్‌లో ఏప్రిల్ అంటే బురదే. ఆ బురదలో జారుకుంటూ ఒక కారు వచ్చి బడి ముందు ఆగింది. అందులోంచి తొమ్మిదేళ్ల టోబీ, వాడి తల్లి నోరా, తండ్రి గ్యారెట్ దిగారు. పోయిన వారమే టోబీ గొంతు విని సంగీతం మాస్టారు పియానో మూత మూసేసి కళ్లు తుడుచుకున్నాడట. ఇక మిగిలింది తల్లిదండ్రుల సంతకమే.

అంత చిన్నవాణ్ణి హాస్టల్లో వదిలి వెళ్లాలంటే ఏ తల్లికైనా కాళ్లాడవు. అందుకే అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా వచ్చినవాళ్లకు మధ్యాహ్నం భోజనం పెట్టి, మంచీచెడూ చెప్పేది హెడ్‌మాస్టరు కాదు, అక్కడ చదువుతున్న పిల్లవాడి తల్లో తండ్రో. ఈసారి ఆ పని డెలియాకు పడింది. ఆమె కొడుకు ఓవెన్‌కు అక్కడ ఇది రెండో ఏడు. నెలకొక్క ఆదివారమే తల్లిదండ్రుల్ని రానిస్తారు. నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చే డెలియా ఒక్క ఆదివారం కూడా తప్పలేదు.

"మీకంటే ఈ బడి మీద ప్రేమ ఉన్నవాళ్లు ఎవరున్నారు డెలియా? ఇక మీదే భారం," అన్నాడు హెడ్‌మాస్టరు ప్రెస్కాట్. ముసలాయన. ముప్పై ఏళ్లుగా ఆ బడే ఆయన సంసారం.

టోబీని పిల్లల సాధన చూడ్డానికి పంపి, నోరా, గ్యారెట్, డెలియా సూప్ గిన్నెలు ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"దాపరికం లేకుండా చెప్పండి," అంది నోరా. "మా గ్యారెట్ ఎప్పుడో ఒప్పేసుకున్నాడు. పాటంటే చాలు, మనిషి కరిగిపోతాడు. తను పాడితే మాత్రం కుక్క కూడా బయటికి పోతుందనుకోండి."

గ్యారెట్ నవ్వాడు. డెలియా నవ్వలేదు.

"మొదటి మూడు వారాలు ఫోన్ ఉండదు. తెలుసుగా?"

"చెప్పారు."

"ఆ మూడు వారాలూ తెల్లారేసరికి మావాడి దిండు తడిసిపోయి ఉండేది. తిరగేసి పక్క సర్దేసుకునేవాడు, ఎవరి కంటా పడకుండా. మర్నాడు మళ్లీ అంతే."

నోరా చెంచా కింద పెట్టింది.

"తిండి సహించేది కాదు. నెల తిరిగేసరికి ఎనిమిది పౌండ్లు తగ్గాడు. బజారులో ఎవరి గొంతైనా కాస్త నా గొంతులా వినబడితే చాలట, ఉలిక్కిపడి వెనక్కి తిరిగేవాడట."

"మరి తీసుకెళ్లిపోలేదా మీరు?" అన్నాడు గ్యారెట్.

"ఎలా తీసుకెళ్తాను? ఎంత అదృష్టం, ఎంత అదృష్టం అని ఊరంతా అంటుంటే, మాకొద్దు అని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఒక్కో మాటకూ పదహారో గొంతు దూరమవుతోందని డెలియాకు తెలుసు. అయినా ఆగలేదు.

అంతలో సాధన ముగిసి పిల్లలు బిలబిలమంటూ వచ్చిపడ్డారు. ఓవెన్ నోట్లో డోనట్ ఉంది. ఒక చేత్తో టోబీని లాక్కొస్తున్నాడు.

"అమ్మా, వీడికి గంటల గోపురం చూపించొస్తా," అని ఆగకుండానే పరుగెత్తాడు.

"నాన్నా, నేనిక్కడే ఉండిపోతా," అంటూ టోబీ వాడి వెనకే పోయాడు.

నోరా కాస్త తేరుకుంది. "మీవాడు బాగానే ఉన్నట్టున్నాడే?"

"నలుగురిలో అంతే. ఇక్కడ పాటకంటే ముందు నేర్పేది అదే. లోపల ఏమున్నా సరే, మొహంలో కనబడకుండా నిలబడ్డం."

నోరా మళ్లీ చెంచా ముట్టుకోలేదు.

మూడింటికి వాళ్లు సంతకం పెట్టకుండానే బయల్దేరారు. టోబీ కారెక్కనని తలుపు పట్టుకుని వేలాడాడు. గ్యారెట్ వాడి వేళ్లు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. నోరా వచ్చి డెలియాను గట్టిగా కావలించుకుంది.

"ఇంకొకరైతే దాచేవాళ్లు. మీ మేలు మర్చిపోను."

కారు మలుపు తిరిగేదాకా చూసి, ప్రెస్కాట్ బడి మెట్ల మీదే చతికిలబడ్డాడు.

"ఏమడిగారు?"

"అంతా అడిగారు. చెప్పాను."

"తల్లి బాధ తల్లికే తెలుస్తుంది. మిమ్మల్ని తప్పు పట్టను," అన్నాడు ఆయన. "రేపు అందరికీ ఉత్తరాలు రాస్తాను. జూన్‌లో ఈ ఏటి చదువు ముగియగానే వచ్చి పిల్లల్ని తీసుకెళ్లండి."

లోపల పదిహేను మందీ మళ్లీ పాట ఎత్తుకున్నారు. వాళ్లకింకా ఏమీ తెలియదు. ముసలాయన కళ్లు మూసుకుని వింటూ ఉండిపోయాడు.

తన కారు పెద్దరోడ్డు ఎక్కాక డెలియా హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఈ బడిలో చేరిననాటి నుంచి ఓవెన్ ఒక్క పూట ఏడ్చింది లేదు, తిండి మానింది లేదు, అవన్నీ ఖాళీ ఇంట్లో తను పడ్డ పాట్లే, ఇక జూన్‌లో ఇష్టం ఉన్నా లేకపోయినా వాడు ఇంటికి రాక తప్పదు.