సాక్యులైనా పాఠం

ఫార్మలిన్ సీసాలోని పీతను ఇంద్రాణి కిటికీ వెలుగులోకి ఎత్తి చూపించింది. కాలేజీ వాళ్లు ఎప్పుడో కాకినాడ నుంచి తెప్పించిన పీత అది. సముద్రం ఎరగని అనంతపురం పిల్లలు బెంచీల మీంచి వంగి చూశారు.

"పొట్ట కింద సంచిలా ఉందే, అవి గుడ్లు కావు. సాక్యులైనా అనే పరాన్నజీవి. పీత ఒంట్లోకి వేళ్లలా పాకి, దాని సత్తువంతా తాగి బతుకుతుంది. పీతకు ఇక పిల్లలు పుట్టవు. అయినా ఆ సంచిని తన గుడ్లే అనుకుని శుభ్రం చేస్తుంది, కాపాడుతుంది. మగ పీతయినా సరే, తల్లిలా సాకుతుంది."

గౌతమి లేచింది. "తనవి కావని గుర్తుపట్టదా మేడమ్?"

"పట్టదు."

"పడితే వదిలేస్తాదా?"

ఇంద్రాణి సీసాను బల్ల మీదికి దించింది. ఇంతలో గంట కొట్టారు.

రెండువేల మూడులోనూ వాన ముఖం చాటేసింది. ఎండలో నడిచి ఇంటికొచ్చేసరికి అత్తగారు వెంకటలక్ష్మమ్మ మంచం దగ్గరే ఉంది. చూపు దాదాపు పోయిన మనిషి. తడుముకుంటూ, మంచాన పడి ఉన్న ఆయన పాదాలకు కొబ్బరినూనె రాస్తోంది.

నిరుడు ఉరవకొండ నుంచి వస్తున్న ప్రైవేటు బస్సు తగలబడినప్పుడు ప్రాణాలతో బయటపడింది ఆయనొక్కడే. ముఖం, చేతులు కాలిపోయాయి. మాట పోయింది. పక్కన దొరికిన, ఇంద్రాణి భర్త బ్యాగును బట్టి ఆమెకు కబురొచ్చింది.

"నా బిడ్డను దేవుడు మిగిలిచ్చినాడు. లేకుంటే నేనూ ఆ పొద్దే పోయుందును" అంటుంది వెంకటలక్ష్మమ్మ రోజూ.

ఇంద్రాణి గంజి కలుపుతుంటే వాకిట్లో ఎవరో పిలిచారు.

"నా పేరు నల్లమ్మ. మాది ఉరవకొండ పక్క. మా ఆయప్ప బెంగుళూరికి కూలికి పోతా ఆ బస్సే ఎక్కినాడు. బొగ్గయిన పీనుగునిచ్చినారు, పూడ్చినాము. నీ మొగుడు బతికినాడని ఇప్పుడు తెలిసిందమ్మా. కడాన మా ఆయప్ప ఏమన్నా చెప్పినాడేమో అడుగుదామని వచ్చినా."

"ఆయనకు మాట లేదు" అంది ఇంద్రాణి, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

లోపల మంచం మీంచి మూలుగు వినిపించింది. ఇన్నాళ్లలో ఎప్పుడూ లేనంత గట్టిగా. ఆయన తల అటూ ఇటూ కొట్టుకుంటున్నాడు.

"నాయనకు ఆకలైతాండాది, గంజి తే!" కేకేసింది వెంకటలక్ష్మమ్మ.

నల్లమ్మ ఇంద్రాణి భుజం మీదుగా లోపలికి చూసింది. ఆ ముఖాన్ని చూడలేక కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఎట్లున్నా నీ మనిషి నీకుండాడు. నాకు ఆ మాత్రం కూడా రాసిపెట్టలేదు."

ఎండలో పడి వెళ్లిపోయింది. మూలుగు మాత్రం ఆగలేదు.

ఇంద్రాణి తలుపు గడియపెట్టింది. చెంచాతో గంజి పట్టబోతే ఆయన పెదవులు బిగించాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె తన కొంగుతో తుడిచింది.

"నా బిడ్డ తిన్నాడా?" అడిగింది వెంకటలక్ష్మమ్మ.

"తింటున్నాడత్తా."

ఆసుపత్రిలో మొదటిసారి ఒళ్లు తుడిచిన రోజే, తన భర్త కడుపు మీద ఉండాల్సిన ఆపరేషన్ మచ్చ ఈ మనిషికి లేదని ఇంద్రాణి చూసింది.