పసుపు గోడ

నేను హారతి ఇచ్చేది అమ్మవారికా, ఆమె పక్కన మెరిసే కుక్కర్‌కా అన్న సందేహం నాకు ఏళ్లుగా ఉంది. గోడంతా తెరగా వెలిగే మా తెరగోడను యాప్‌లన్నీ పంచుకుంటాయి. పూజ యాప్‌కు దక్కేది ఓ మూల. ఈ శుక్రవారం హారతి వేళ కుక్కర్ ప్రకటన అమ్మవారి ముఖం మీదికే జరిగింది. నేను పళ్లెం దించి, పసుపు ముద్ద కలిపి గోడకు పట్టించాను.

"ఒసేయ్, అది కుక్కర్ వాళ్ల జాగా! మరక పడితే గోడంతా ఆపేస్తారే!" అన్నారు మావారు శోభనాద్రి.

"ఆపనివ్వండి. అమ్మవారేమైనా కరెంటు అడిగిందా?"

అన్నట్టే తెర ఆరిపోయి, పసుపు తప్ప గోడంతా నల్లబడింది. ఆ పసుపు మీద కాటుకతో కళ్లు, కుంకుమతో బొట్టు దిద్ది కర్పూరం వెలిగించాను. పసివాడిగా ఉన్న మా బాబుకు జ్వరం తగ్గితే అమ్మవారిని నా చేత్తో గోడ మీద రాస్తానన్న మొక్కు, వాడికి మీసాలొచ్చాక తీరింది.